రెండుసార్లు తీసివేసిన ఆలస్యం

నలభైయారు చిప్‌లు పాత రికార్డులతో ఏకీభవించాయి. నలభైయేడవది ఎదురు తిరిగింది.

"మేడం, ఇది మొండికేసింది," అన్నది నిరుపమ, తెర మీది గీతల నుంచి కళ్ళు తిప్పకుండానే.

"చిప్‌లు మొండికేయవు, నిరుపమా. ఆ పని మనుషులది. క్రమం చదువు."

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక కొండ మీద, కాలాన్ని కొలిచే ఆ ప్రయోగశాలలో డాక్టర్ కొల్లాబత్తుల హెప్సిబా ముప్ఫైనాలుగేళ్ళుగా చేస్తున్న పని ఒక్కటే. విద్యుత్ సంకేతం ఒక చోటి నుంచి మరొక చోటికి చేరడంలో ఎంత ఆలస్యమవుతుందో కొలవడం. కొలిచినదానిని మరింత సన్నగా కొలవడం. వయసు అరవైయొకటి. పెళ్ళి చేసుకోలేదు, అందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. ఉద్యోగ విరమణ అయ్యాక ఇంకో రెండేళ్ళు ఉండమని కోరింది నిరుపమే. ఒకప్పుడు హెప్సిబా దగ్గర చివాట్లు తింటూ పరిశోధన చేసిన ఆ పిల్ల ఇప్పుడు ఆ ప్రయోగశాలకు డైరెక్టరు. పదవి మారినా 'మేడం' అన్న పిలుపు మారలేదు, చివాట్లూ పూర్తిగా ఆగలేదు.

ఇద్దరూ కలిసి తయారుచేసిన పరికరానికి కాగితాల మీద ఒక పొడవాటి పేరు ఉన్నది. ప్రయోగశాలలో మాత్రం అందరూ దానిని 'జాడ' అంటారు. ఏ డిజిటల్ గడియారం లోపలైనా వందలాది చిన్న ద్వారాలు వరుసగా ఉంటాయి. సంకేతం ఒక్కొక్క ద్వారమూ దాటడానికి లెక్కకట్టిన వ్యవధి పడుతుంది. దాటిన ప్రతిసారీ ద్వారం అణుమాత్రం అరుగుతుంది. మంచు పట్టిన గడ్డిలో మొదట నడిచినవాడి అడుగు ఒక రకంగానూ, వాడి వెనుక నడిచినవాడి అడుగు మరొక రకంగానూ పడినట్లే, ముందు వచ్చిన సంకేతమూ తరువాత వచ్చిన సంకేతమూ వేరు వేరు అరుగుదలలను వదిలిపోతాయి. అంత సన్నని తేడాను ఇంతవరకు ఎవరూ కొలవలేకపోయారు. జాడ కొలిచింది. ఏళ్ళ క్రితం ఆగిపోయిన చిప్‌ను సూదుల కింద పెడితే, దానిలో చిట్టచివర నడిచిన సంకేతాలలో ఏది ముందో ఏది వెనుకో చెప్పేస్తుంది.

"జాడ ప్రకారం ఆటోమేటిక్ తీగ ముందు, హ్యాండిల్ తీగ వెనుక," అని నిరుపమ చదివింది. "కేబుల్ ఆలస్యం పోగా మధ్య వ్యవధి సున్నా పాయింట్ తొమ్మిది మైక్రోసెకను. అప్పటి రికార్డులో హ్యాండిలే ముందు, సున్నా పాయింట్ ఆరు. పూర్తిగా తలకిందులు. ఇంకోసారి చదవనా?"

"చదవడానికి ఏం మిగిలింది?"

నిరుపమ నాలుక కరుచుకున్నది. జాడను చదవడమంటే ఆ గడ్డిలో తామూ నడవడమే. చదివే సంకేతమే పాత అడుగులన్నిటినీ తొక్కేస్తుంది. ఒక చిప్‌ను ఒక్కసారే చదవగలరు. ఆ తరువాత అది దేనికీ సాక్షి కాదు.

"పోనీండి. నలభైయేడుకు నలభైయారు. మా అమ్మాయికి లెక్కల్లో ఈ మార్కులొస్తే వీధి వీధంతా లడ్డూలు పంచుతాను. వచ్చే వారం జాడ ప్రదర్శనకు ఇంతకంటే ఏం కావాలి?"

"అది ఏ పెట్టెలోది?"

"ఎనిమిదివందల పన్నెండు."

హెప్సిబా పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నది. ఇన్నేళ్ళలో పరికరం నడుస్తుండగా ఆమె కూర్చోవడం నిరుపమ చూడలేదు.

"ఒంట్లో బాగాలేదా, మేడం?"

"బాగానే ఉన్నది. పని చూసుకో."

*

ఆ పెట్టె చినగెడ్డ సబ్‌స్టేషన్‌ది. ఏ సంకేతం ఏ క్షణాన వచ్చిందో నమోదుచేసే అటువంటి పెట్టెలను ప్రయోగశాల వాళ్ళు ఎన్నో సబ్‌స్టేషన్లకు తయారుచేసి ఇచ్చారు. చినగెడ్డలో దానిని బిగించినది స్వయంగా హెప్సిబాయే.

పదకొండేళ్ళ క్రితం ఒక వేసవి మధ్యాహ్నం అక్కడ తవిటయ్య అనే లైన్‌మన్ స్తంభమెక్కాడు. ఎక్కేముందు పద్ధతి ప్రకారం ఎల్.సి. తీసుకున్నాడు. తీగల్లో విద్యుత్తు లేదు, ఎక్కవచ్చు అని సబ్‌స్టేషన్ ఆపరేటరు ఇచ్చే హామీ అది. ఇచ్చిన ఆపరేటరు పేరు బొడ్డేపల్లి గవరయ్య. తవిటయ్య రక్షణ కోసం తీగకు ఎర్తు రాడ్డు తగిలించబోయేలోగా తీగలోకి విద్యుత్తు వచ్చింది. వాడు కిందికి రాలేదు, దించారు.

ఆ తీగలోకి విద్యుత్తు రావడానికి రెండే దారులున్నాయి. ఒకటి, గవరయ్య గదిలోని హ్యాండిల్. రెండవది, పై కార్యాలయం నడిపే ఆటోమేటిక్ వ్యవస్థ. రెండు తీగలలోనూ సంకేతాలు కనబడ్డాయి. ముందు వచ్చినదే విద్యుత్తును పంపినట్లు. వెనుక వచ్చినది తలుపు విసురుగా మూసుకుంటే పక్క కిటికీ అదిరినట్లు పుట్టిన ఎదురు అదురు. ఏది ముందో చెప్పగలిగినది ఆ వెంటనే ఆపి, విప్పి తెచ్చిన పెట్టె ఒక్కటే. హ్యాండిల్ ముందు అన్నది పెట్టె.

విచారణ గదిలో హెప్సిబా తెల్లచీర కట్టుకుని నిలబడి, స్పష్టమైన గొంతుతో సాక్ష్యమిచ్చింది. "యంత్రానికి ఎవరి మీదా పగ ఉండదు. దానికి భయం లేదు, జ్ఞాపకం తప్పదు" అన్నది. మర్నాడు పత్రికలు ఆ మాటనే వేశాయి. చదువుకుని తృప్తిపడింది కూడా. గవరయ్య ఆ రోజు 'నేను ముట్టుకోలేదు' అని ఒక్క మాటే పదిసార్లు అన్నాడు. రెండేళ్ళ శిక్ష పడింది.

ఇప్పుడు క్వార్టర్స్‌లో, మేజా మీద ఒక్క కంచం పెట్టుకుని, అన్నం మీద చేయి ఉంచి హెప్సిబా ఆ లెక్కనే చేస్తున్నది. జాడ ఇటు తొమ్మిది అన్నది. పెట్టె అటు ఆరు అన్నది. తొమ్మిదీ ఆరూ పదిహేను. తేడా ఒకటిన్నర మైక్రోసెకను. హ్యాండిల్ గది నుంచి పెట్టె దాకా వేసిన కేబుల్ మూడువందల మీటర్లు. ఆ కేబుల్‌లో సంకేతానికయ్యే ఆలస్యం సరిగ్గా ఒకటిన్నర మైక్రోసెకను.

పరికరాల పొరపాట్లు ఇంత గుండ్రంగా ఉండవు. ఈ అంకె మనిషి చేతిదే.

కంచం తీసుకెళ్ళి తొట్టిలో పెట్టింది. ఎదురుగా తినేవాళ్ళెవరైనా ఉంటే 'ఏమైంది?' అని అడిగి ఉండేవారు. అడగకపోవడం తనకు ఇంతకాలమూ సుఖంగానే ఉన్నదని ఆ పూటే ఆమెకు తట్టింది.

*

మర్నాడు ఉదయం రికార్డు గదిలో పాత పుస్తకాలు దింపించింది.

ఆ ప్రయోగశాలలో ఒక ఆచారం ఉండేది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు గాని, దానిని మతంలాగా పాటించినవాడు టెక్నీషియన్ గేదెల పైడిరాజు. కేబుల్ కోసినవాడే దాని ఆలస్యాన్ని కొలిచి, లెక్కలోంచి తీసివేసి, తీసివేశానన్నదానికి గుర్తుగా కేబుల్ కొసకు ఎర్రదారం ముడివేస్తాడు. బిగించే ఇంజనీరు దారం ఉన్నదా అని చూస్తాడు. ఉంటే ఇక తీసివేయడు. లేకపోతే తానే తీసివేస్తాడు. కోసే చేయి ఒకటి, బిగించే చేయి ఒకటి, మధ్య దారం. ఇరవై ఏళ్ళపాటు ఆ దారం ఒక్కసారి కూడా తప్పలేదు.

చినగెడ్డ కేబుల్ కోసిన వారం పైడిరాజు సెలవులో ఉన్నాడు. భార్యకు ఆపరేషను. 'నాలుగు రోజులాగండి మేడం, నేనొచ్చి కోస్తాను' అని ఫోను చేశాడు. కేబుల్ కోయడానికి డాక్టరేట్ చేసినవాళ్ళు పనికిరారా అని ఆమె నవ్వి, తానే కోసింది. కొలిచింది. లెక్కలోంచి తీసివేసింది. పుస్తకంలో రాసింది. దారం మాత్రం కట్టలేదు. అది పైడిరాజు పని. తన చేతికి ఆ అలవాటు లేదు. పన్నెండు రోజుల తరువాత చినగెడ్డలో నిలబడి, బిగించేవాళ్ళు చూసే పద్ధతిలో కేబుల్ కొస చూసింది. దారం లేదు. నియమం ప్రకారం తీసివేసింది.

పదిహేడవ పేజీలో ఒకసారి, ఇరవైమూడవ పేజీలో ఇంకొకసారి. రెండూ ఒకే చేతిరాత. కాన్వెంటు సిస్టర్లు బెత్తం పట్టుకుని నేర్పిన గుండ్రటి, నిటారు అంకెలు. ఎవరిదీ అని అడగవలసిన పని లేదు.

ఇద్దరు మనుషుల పని ఒక్కతే చేసి, ఇద్దరి ధర్మాన్నీ అక్షరాలా పాటించింది.

*

"కూర్చోండి మేడం. మంచినీళ్ళు తాగండి," అన్నది నిరుపమ. తలుపు వేసి వచ్చింది. పుస్తకం రెండుసార్లు చూసింది. "ఇది మీరు తప్ప ఇంకెవరైనా చూశారా?"

"ఆ ప్రశ్న అడగడం నేను నీకు నేర్పలేదు."

"నేర్పలేదు. కుర్చీ నేర్పింది." నిరుపమ నవ్వబోయి మానేసింది. "చెప్పేది వినండి. చిప్ చదివేశాం. ఇక దానిలో ఏమీ లేదు. ఇంకొకరెవరూ సరిచూడలేరు. జాడ ఒకటి తప్పింది అని రాసుకుంటే సరిపోతుంది. పరికరమన్నాక నలభైయేడులో ఒకటి తప్పకపోతేనే జనం అనుమానిస్తారు."

"జాడ తప్పలేదు."

"అలా అంటే మన పెట్టెలు పెట్టిన ప్రతి చోటా పాత కేసులన్నీ తిరగదోడుతారు. ప్రదర్శన ఆగిపోతుంది. జాడకు ముందుకు వెళ్ళే దారే ఉండదు. పన్నెండేళ్ళ పని, మేడం. మీది మాత్రమే కాదు. నాది కూడా."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. నిరుపమ కూతురు పుట్టిన నెలలో కూడా ప్రయోగశాలకు వచ్చిన సంగతి హెప్సిబాకు గుర్తున్నది.

"పోనీ, చెప్పక తప్పదంటారా?" నిరుపమ గొంతు తగ్గించింది. "దారం కట్టకపోవడమే కదా అసలు పొరపాటు. దారం పైడిరాజుగారి పని. ఆయన పోయి మూడేళ్ళయింది. పోయినవాళ్ళకు కొత్తగా పోయేదేముంది?"

"పేరు," అన్నది హెప్సిబా. "పేరు ఒక్కటే వాళ్ళ దగ్గర మిగిలేది. ఒక మనిషి దగ్గర అది లాక్కున్నాను. రెండో మనిషి దగ్గర కూడా లాక్కోమంటావా?"

"నేను అలా అనలేదు."

"అన్నావు. మర్యాదగా అన్నావు."

నిరుపమ పుస్తకం మూసి హెప్సిబా ముందుకు జరిపింది. "ఈ పుస్తకం, మీ మాట తప్ప రుజువు లేదు. నమ్మరు."

"ఒక మనిషిని నిర్దోషి అని నిరూపించడానికి నా మాట చాలకపోవచ్చు. నన్ను దోషిగా నిలబెట్టడానికి చాలుతుంది. ఇక్కడ రెండూ ఒకటే."

ఆ సాయంత్రమే విద్యుత్ సంస్థకూ ప్రభుత్వానికీ ఉత్తరాలు రాసింది. వారం తిరగకుండా ప్రదర్శన వాయిదాపడింది. జాడ మీద గుడ్డ కప్పేశారు. హెప్సిబాను ఆ పని నుంచి తప్పిస్తూ వచ్చిన కాగితం మీద సంతకం నిరుపమది. సంతకం చేసినవాళ్ళు తామే తెచ్చి ఇవ్వాలి, బంట్రోతు చేత పంపకూడదు అని హెప్సిబా అనుకున్నది. పంపలేదు, నిరుపమే తెచ్చింది. కళ్ళలోకి మాత్రం చూడలేదు. క్యాంటీన్‌లో హెప్సిబా కూర్చున్న బల్ల దగ్గర మిగతా మూడు కుర్చీలూ ఖాళీగా ఉండసాగాయి. అందరూ కాఫీ కప్పులు పట్టుకుని ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళేవారు, అంతే.

ఉత్తరాలకు జవాబు రాలేదు. రెండో నెలలో ఆమె పలాస రైలెక్కింది.

*

పలాసలో గవరయ్య జీడిపప్పు బట్టీలో పనిచేస్తాడు. కాల్చిన జీడిగింజలను కొట్టి పప్పు వలిచే పని. షెడ్డు వెనకే రెండు గదుల ఇల్లు. వాకిట్లో గింజలు ఎండబోస్తున్న ఆడమనిషి తల ఎత్తింది. అతని భార్య నూకాలు.

"పప్పులకొచ్చినారా అమ్మా? దుకాణం అటేపుంది."

"గవరయ్యగారి కోసం వచ్చాను."

"గారా!" నూకాలు పకాలున నవ్వి లోపలికి కేకేసింది. "ఓయ్, నీకోసమేనంట. గారంట నువ్వు! ఓపాలి బయటకొచ్చి నీ మొకం సూపించు, ఎలాగుందో."

బయటికొచ్చిన మనిషి చేతులు మోచేతుల దాకా జీడి మరకలతో నల్లగా ఉన్నాయి. ఆమెను చూసీ చూడగానే ఆగిపోయాడు. చొక్కా గుండీ ఒకటి పెట్టుకున్నాడు.

"పెట్టె గురించి సెప్పిన అమ్మగారు కదండీ," అన్నాడు మెల్లిగా. "కూకోండి."

నూకాలు నవ్వు ఆగిపోయింది.

హెప్సిబా కూర్చోలేదు. నిలబడే చెప్పింది. కేబుల్, కోత, దారం, రెండు తీసివేతలు, జాడ. ఒక్క మాట వదలలేదు, ఒక్కటి మెత్తబరచలేదు. గవరయ్య ఐ.టి.ఐ. చదివి పద్దెనిమిదేళ్ళు ప్యానెల్ ముందు కూర్చున్నవాడు. అతనికి రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు.

"అంటే హ్యాండిల్ తీగలో వొచ్చింది వొట్టి అదురు."

"అవును."

"ముందు ఆటోనే కరెంటిచ్చింది."

"అవును. మీరు ముట్టుకోలేదు."

అతను తన నల్లటి చేతులకేసి చూసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. నేనే తిప్పినాను."

హెప్సిబాకు అర్థం కాలేదు. "విచారణలో మీరే అన్నారు, ముట్టుకోలేదని."

"అప్పుడు అన్నాను. మొదటి ఏడంతా అన్నాను. లాయరుకీ అన్నాను, దేవుడికీ అన్నాను. జైల్లో రెండో ఏడు ఒక పగలు గోడకానుకుని కూకుంటే గుర్తొచ్చేసింది. హ్యాండిల్ సల్లగా ఉంది. బొటనేలు పెట్టే కాడ రంగు పోయుంది. నా సెయ్యి దాని మీద ఉంది. తిప్పినాను. పెట్టె అబద్ధమెందుకు సెప్తది? మీరే అన్నారు కదండీ, దానికి పగుండదని."

హెప్సిబా అప్పుడు కూర్చున్నది, నూకాలు ఎండబోసిన గింజల పక్కన, మట్టి మీద. యంత్రం తప్పు క్రమం చెప్పింది. అంతవరకే ఆమెకు తెలుసు. ఆ క్రమానికి సరిపడేటట్లు ఒక మనిషి లోపల కూర్చుని, తన చేతిని తానే అక్కడికి తీసుకెళ్ళి, చల్లటి హ్యాండిల్ మీద పెట్టి, తిప్పుకుని, దానిని నిజంగా గుర్తుంచుకున్నాడు. ఏ సూదీ ఆ అరుగుదలను చదవలేదు. చదివి తుడిచేయనూలేదు.

"ఇంట్లో స్విచ్చి కూడా ముట్టుకోడు," అన్నది నూకాలు. ఆమె ఎవరితో అంటున్నదో తెలియలేదు. "దీపం నానెయ్యాల, ఫాను నానెయ్యాల. నువ్వు తిప్పలేదు, నువ్వలాటోడివి కాదు అని ఇన్నేళ్ళూ సెప్పినాను. పెళ్ళాం మాట నమ్మలేదు, పెట్టె మాట నమ్మినాడు." ఇప్పుడు సూటిగా హెప్సిబాను చూసింది. "మీరేమో ఇంకో పెట్టె సెప్పిందంటన్నారు. రేపు మూడో పెట్టొచ్చి మళ్ళీ ఈయనే అంటే ఏటి సెయ్యాల మేము?"

"ఈసారి పెట్టె మాట కాదు. పుస్తకంలో నా చేతిరాత ఉన్నది. తప్పు చేసినది నేను. నన్ను క్షమించమని మీ ఇద్దరినీ అడగడానికి వచ్చాను."

"అడక్కండి," అన్నది నూకాలు. "మా వాకిట్లో సెప్తే ఎవరికినిపిస్తది? కోడికినిపిస్తది. ఆ దినం నలుగురిలో నిలబెట్టి ఈయన్ని ఏలెట్టి సూపించినారు. నలుగురిలోనే సెప్పండి, నేను తప్పుసేసినాను అని. తవిటయ్య అమ్మ కూడా ఉండాల అక్కడ. ఆవిడ పదకొండేళ్ళుగా మా నీడ తొక్కదు. అప్పుడు సూద్దాం, సెమించడమో మానడమో."

గవరయ్య లోపలికి వెళ్ళి, గింజలు కొట్టే పని మళ్ళీ మొదలుపెట్టాడు. స్టేషనుకు వెళ్ళే ఆటో ఎక్కేదాకా ఆ కొట్టుడు చప్పుడు హెప్సిబాకు వినబడుతూనే ఉన్నది.

*

నలుగురిలో చెప్పడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. హెప్సిబా పదిహేడు ఉత్తరాలు రాసింది. పద్దెనిమిదవది పత్రికలకు రాసింది. అప్పుడు కదిలారు. శ్రీకాకుళంలో ఒక పాత ప్రభుత్వ భవనంలో, పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి ముందు తిరిగి విచారణ.

తవిటయ్య తల్లి వచ్చింది. బాగా ముసలిది, వెనక వరసలో గోడపక్కన కూర్చున్నది. ఆమెకు రెండు కుర్చీల అవతల నూకాలు. మధ్య కుర్చీలో ఎవరూ లేరు. ప్రయోగశాల నుంచి ఎవరూ రాలేదు.

హెప్సిబా పుస్తకం తెరిచి, పదిహేడవ పేజీ చూపించింది, ఇరవైమూడు చూపించింది. విద్యుత్ సంస్థ లాయరు లేచాడు.

"మేడం, దారం కట్టడం టెక్నీషియన్ బాధ్యత అని మీరే చెప్పారు. అంటే తప్పు ఆ పైడిరాజుది అనవచ్చు కదా?"

"ఆ వారం ఆయన సెలవులో ఉన్నారు. నాలుగు రోజులు ఆగమన్నారు. నేను ఆగలేదు. ఆయన చేతిలో పడి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు."

"పదకొండేళ్ళ క్రితం ఇదే విధంగా నిలబడి, యంత్రం తప్పదని మీరు ప్రమాణం చేశారు."

"చేశాను. అది నాకు తెలియని విషయం. తెలిసినట్లు చెప్పాను. పొరపాటు లెక్కలో జరిగింది. అన్యాయం ఆ మాటలో జరిగింది. రెండూ నావే. అలాగే రాసుకోండి."

గదిలో ఎవరో దగ్గారు. ముసలామె తల ఎత్తి హెప్సిబాను కాదు, గవరయ్యను చూసింది. చూపు తిప్పుకోకుండా చాలాసేపు చూసింది. న్యాయమూర్తి కళ్ళద్దాలు తీసి, బొడ్డేపల్లి గవరయ్య మీద మోపిన నేరం ఇక నిలవదనీ, ఆ మేరకు నివేదిక పంపుతాననీ అన్నాడు. పదకొండేళ్ళ నిందకు ముగింపు వాక్యం అంత పొట్టిగా ఉన్నది. సాక్షులందరినీ బయటికి వెళ్ళమన్నారు.

నడవాలో చెక్క బల్ల మీద హెప్సిబా ఒక్కతే కూర్చున్నది. పుస్తకం వాళ్ళే ఉంచుకున్నారు. చేతులకు ఏం చేయాలో తెలియలేదు. కొంతసేపటికి గవరయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నూకాలు అతని వెనక ఉన్నది గాని హెప్సిబా వైపు చూడలేదు.

"అమ్మగారూ, ఒక మాట," అన్నాడు. నుదురు ముడిచి, ప్యానెల్ మీద ఏదో దీపం తప్పుగా వెలిగితే చూసే మనిషిలాగా ఉన్నాడు. "నేను తిప్పలేదనుకుందాం. ఆటోనే కరెంటిచ్చింది. అంటే దాన్ని ఆపే లాక్ ఎయ్యలేదు."

"లేదు."

"ఆ లాక్ నా కాడ ఉండదండీ. పై ఆఫీసులో ఉంటది. ఎల్.సి. ఇచ్చే ముందు నేను ఫోను సేసినాను. లాక్ చేసేశాం, ఇచ్చెయ్ అన్నారు. ఆ మాట విన్నాకే తవిటయ్యని ఎక్కమన్నాను."

హెప్సిబా లేచి నిలబడింది. "ఎవరు అన్నారు?"

"అదే. ఎవరన్నారని నన్ను ఎవరూ అడగలేదు. పెట్టె నా సెయ్యి అన్నాక ఇంక అడగడానికేముంది? నేను తిప్పినానని నాకే గుర్తొచ్చాక, ఆ ఫోను మాటే మర్సిపోయినాను. ఇప్పుడు లోపల కూకుంటే గుర్తొచ్చింది." అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "మీ జాడ సెప్తదా, ఆ ఫోను ఎత్తినోడెవడో?"

"చెప్పదు. దానికి ఏ పరికరమూ లేదు. మనుషులనే అడగాలి. జవాబు వచ్చేదాకా అడగాలి."

గవరయ్య వెనక్కి తిరిగి విచారణ గది తలుపు దగ్గరికి నడిచాడు.

"సాక్ష్యాలు అయిపోయాయి, బాబూ," అన్నాడు బంట్రోతు. "నీ పేరు మంచిదైపోయింది కదా. కాగితం ఇంటికే వస్తాది. ఎల్లు, ఎల్లి హాయిగా భోంచెయ్."

"నాది అవ్వలేదు," అని గవరయ్య తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. నూకాలు కొంగు నడుముకు బిగించి అతని వెంటే వెళ్ళింది.

హెప్సిబా కూడా రెండడుగులు వేసింది. బంట్రోతు చేయి అడ్డం పెట్టాడు.

"మీదైపోయిందమ్మా. మీరు రాకూడదు. అయ్యగారు మరీ మరీ చెప్పినారు."

తలుపు మూసుకున్నది. నడవాలో ఎవరూ లేరు. హెప్సిబా గోడకు ఆనుకుని నిలబడింది. లోపలినుంచి ముందు గొణుగుడు, కుర్చీలు జరిపిన చప్పుడు, ఎవరో వద్దు వద్దంటున్న గొంతు. తరువాత గవరయ్య గొంతు. తారీకు చెప్పాడు. గంట, నిమిషం చెప్పాడు. ఎల్.సి. నంబరు చెప్పాడు. పద్దెనిమిదేళ్ళు ప్యానెల్ ముందు కూర్చుని రోజూ ఫోనులో రీడింగులు చదివి వినిపించిన మనిషి చెప్పినట్లే, ఒక్కొక్క అంకె విడివిడిగా చెప్పాడు.

"ఆ ఫోను ఎత్తినవాళ్ళ పేరు నాకు కావాలండీ."

లోపల ఎవరూ జవాబు చెప్పలేదు. గవరయ్య కొద్దిసేపు ఆగి, తారీకు దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.